వెలుతురు చేసే పని: మన రంగు, మన బట్ట, మన పగారు

(యూనియన్ అధ్యయన తరగతిలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం. షిఫ్టు ఉండి రాలేకపోయిన సభ్యుల కోసం అచ్చు వేస్తున్నాము.)



కిందటి తరగతిలో నూలు నంబర్లు, పీసు రేట్ల లెక్క మాట్లాడుకున్నాము. ఈసారి విషయం వెలుతురు అని బోర్డు మీద రాస్తే, "యూనియన్ ఆఫీసులో సైన్సు పాఠం ఏమిటి?" అని కొందరు నవ్వారు. నవ్వితే నవ్వనివ్వండి. సైన్సు తెలియక మనం పోగొట్టుకున్న పగారు తక్కువేమీ కాదు. టవలు రంగు వెలిసిందని కోత. తాను చీకిపోయిందని కోత. బ్లీచింగు తెల్లగా రాలేదని కోత. ఈ మూడింటిలోనూ చాలాసార్లు వెలుతురు చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఎక్కడుందో చూడటం మనం నేర్చుకోకపోతే, నేరం మన చేతుల మీదకే వస్తుంది.

వేడి వేరు, వెలుతురు వేరు

రంగుఖానాలో పనిచేసేవారికి వేడి సంగతి చెప్పనక్కరలేదు. వినైల్ సల్ఫోన్ రకం రియాక్టివ్ రంగు వేసేటప్పుడు నీళ్ళు 60 డిగ్రీలకు తెస్తాము, ఉప్పు వేస్తాము, సోడా వేస్తాము. అప్పుడు రంగు నూలును పట్టుకుంటుంది. వేడి అందరినీ ఒకేలా తాకుతుంది. తొట్టిలో నీటి అణువు, ఉప్పు, రంగు, నూలు, అన్నీ కలిసి వేడెక్కుతాయి.

వెలుతురు అట్లా కాదు. దాన్ని ఎవరు మింగుతారో వారిలోనే పని చేస్తుంది. మింగనివారి పక్కనుంచి దాటిపోతుంది, లేదా తగిలి వెనక్కి పోతుంది. ఈ మాటను 1817లో గ్రోథస్ అనే ఆయన, తరువాత 1840ల మొదట్లో డ్రేపర్ అనే ఆయన విడివిడిగా చెప్పారు. మింగుడుపడిన వెలుతురే రసాయన మార్పు చేయగలదు అన్నది ఆ సూత్రం. ఇవాళ మనం చెప్పుకునేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది, కాబట్టి దీన్ని గట్టిగా గుర్తు పెట్టుకోండి.

రెండో మాట. వెలుతురు నీళ్ళలాగా ధారగా పోసేది కాదు, గింజలు గింజలుగా వస్తుంది. ఒక్కో గింజను ఫోటాన్ అంటారు. ఈ సంగతి ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. ఒక గింజ ఒక అణువును తాకుతుంది. ఆ గింజలో ఎంత బలం ఉందన్నది దాని రంగును బట్టి ఉంటుంది. ఎర్ర వెలుతురు గింజకు బలం తక్కువ, ఊదా గింజకు ఎక్కువ, కంటికి కనపడని అతినీలలోహిత గింజకు ఇంకా ఎక్కువ. ఒకే కొలత మీద లెక్క వేస్తే ఎరుపుకు సుమారు 170, ఊదాకు 300, అతినీలలోహితంలో గట్టిదానికి 400. అదే కొలతలో కార్బన్‌కు కార్బన్‌కు మధ్య ఉండే ముడి బలం సుమారు 350. అంటే ఎర్ర బల్బు కింద ఏళ్ళ తరబడి పెట్టినా తెగని ముడి, అతినీలలోహిత గింజ ఒక్కటి సరైన చోట పడితే తెగిపోవచ్చు. వంద మంది పిల్లలు ఒకరి తరువాత ఒకరు తోసినా కదలని బండిని ఒక బలమైన మనిషి ఒక్క తోపుతో కదిలిస్తాడు. ఇక్కడా అంతే, గింజల సంఖ్య కంటే ఒక్కో గింజ బలం ముఖ్యం.

అసలు మన పత్తి కూడా వెలుతురు చేసిన సరుకే. ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడునూ, వేరు తెచ్చిన నీటినీ తీసుకుని చక్కెర చేస్తుంది. ఆ చక్కెరలే గొలుసుగా చేరి పత్తి పోగులో సెల్యులోజ్ అవుతాయి. ఆకుపచ్చని భాగాలు గాలిని బాగుచేసేది వెలుతురు ఉన్నప్పుడే, చీకట్లో కాదు అని ఇంగెన్‌హౌజ్ 1779లో చూపించాడు. సాంచా మీద మనం నేసే ప్రతి పోగునూ ముందు ఎండ తయారుచేసింది. అదే ఎండ దాన్ని తినేయగలదు కూడా. ఇక ఆ సంగతికి వద్దాము.

రంగు ఎందుకు వెలుస్తుంది

రంగు అంటేనే వెలుతురును మింగే వస్తువు. ఎర్ర రంగు ఎర్రగా కనిపించేది ఆకుపచ్చ, నీలం వెలుతురును మింగి, ఎరుపును వదిలేస్తుంది కాబట్టి. అంటే రంగు అణువు పొద్దస్తమానం దెబ్బలు తింటూనే ఉంటుంది. గింజను మింగిన అణువు ఒక్క క్షణం రెచ్చిపోయి ఉంటుంది. చాలాసార్లు ఆ శక్తిని వేడిగా వదిలి మళ్ళీ మామూలుగా కూర్చుంటుంది. మంచి రంగు అయితే వేల, లక్షల సార్లు ఇట్లా రెచ్చిపోయి చల్లబడినా ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి, రెచ్చిపోయిన ఆ క్షణంలో పక్కన ఆక్సిజనో, తేమో దొరికితే దానితో కలిసి విరిగిపోతుంది. విరిగిన అణువుకు రంగు ఉండదు. ఒక్కటి పోతే కనపడదు, కోట్లు పోతే టవలు వెలిసిందంటాము.

దీన్నిబట్టి మనకు అక్కరకొచ్చే సంగతులు కొన్ని తేలతాయి.

ఒకటి, ఒకే రంగు ముదురుగా వేస్తే నిలుస్తుంది, లేతగా వేస్తే తొందరగా వెలుస్తుంది. ముదురు బట్టలో పై వరుస పోయినా కింద ఇంకా ఉంటుంది. లేత గులాబీకి ఆ నిల్వ లేదు. మాలకు ఒకే రంగు డబ్బా ఇచ్చి ముదురూ లేతా రెండూ వేయించి, లేతది వెలిసిందని మనల్ని అడిగితే అది మన తప్పు కాదు.

రెండు, తేమ ఉన్న చోట చాలా రంగులు త్వరగా వెలుస్తాయి. సగం తడి టవళ్ళను ఎండలో పడేస్తే పొడివాటికంటే ఎక్కువ దెబ్బ తింటాయి.

మూడు, రంగు తరువాత చేసే పనులు కూడా మారుస్తాయి. ఉతుకులో రంగు పోకుండా ఉండాలని వేసే ఫిక్సింగు మందులు కొన్ని, ముడతలు పడకుండా వేసే రెజిన్లు కొన్ని, కొన్ని రంగుల వెలుతురు తట్టుకునే బలాన్ని తగ్గిస్తాయి. ఉతుకుకు గట్టి అయిన రంగు ఎండకూ గట్టిగా ఉండాలని ఏమీ లేదు. పసుపు గుడ్డ చూడండి. ఎంత ఉతికినా మరక పూర్తిగా పోదు, నాలుగు రోజులు ఎండలో పెడితే పాలిపోతుంది.

ఈ బలాన్ని కొలవడానికి ప్రపంచమంతటా ఒక పద్ధతి ఉంది. నీలి రంగు వేసిన ఎనిమిది ఉన్ని పట్టీలు ఉంటాయి. ఒకటో నంబరు అన్నిటికంటే ముందు వెలుస్తుంది, ఎనిమిదో నంబరు అన్నిటికంటే ఆఖరున. ప్రతి నంబరూ తన ముందుదానికంటే సుమారు రెట్టింపు కాలం నిలుస్తుంది. మూడో నంబరు రంగుకూ ఆరో నంబరు రంగుకూ తేడా మూడు కాదు, ఎనిమిది రెట్లు. మన గుడ్డనూ ఆ పట్టీలనూ సగం మూసి సగం తెరిచి ఒకే వెలుతురులో పెడతారు. ఎండలో పెట్టవచ్చు, ఐ.ఎస్.ఓ. 105-బి02 అనే పరీక్షలో అయితే ఎండకు బదులు జెనాన్ దీపం వాడతారు. మన గుడ్డ ఏ పట్టీతో సమానంగా వెలిసిందో అదే దాని నంబరు. ఈ నంబరు చాలా రంగు కంపెనీల షేడు కార్డులో ఉంటుంది. కొనేటప్పుడు చూడవలసినది కొన్నవారు. రెండో నంబరు రంగు కొని తెచ్చి, ఆరో నంబరు పని ఎందుకు రాలేదని రంగు వేసినవాణ్ణి అడగడం అన్యాయం.

రంగు నిలిచి బట్ట చీకితే

ఇంకో వింత ఉంది. కొన్ని బట్టల్లో రంగు కొత్తదానిలా ఉంటుంది, చేత్తో లాగితే మాత్రం పర్రున చిరుగుతుంది. కర్టెన్లలో ఇది ఎక్కువ. ముఖ్యంగా పసుపు, నారింజ రంగు వ్యాట్ రంగులు కొన్నింటికి ఈ గుణం ఉందని రంగుల పనివాళ్ళకు చాలాకాలంగా తెలుసు.

కారణం ఇది. ఆ రంగు అణువు వెలుతురు మింగి రెచ్చిపోయినప్పుడు తాను విరగదు, పక్కనున్న సెల్యులోజ్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. తరువాత దాన్ని ఆక్సిజన్‌కు అప్పగించి, మళ్ళీ తన పాత రూపానికి వచ్చేస్తుంది. ఈ బేరంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. సెల్యులోజ్ గొలుసు తెగుతుంది, రంగుకు మాత్రం ఏ నష్టమూ లేదు. మళ్ళీ వెలుతురు పడుతుంది, మళ్ళీ అదే బేరం. సరుకు తనది కాదు, నష్టం తనది కాదు, బేరం మాత్రం తన చేతి మీదే. ఇట్లాంటివారిని మనం ఏమంటాము? దళారి అంటాము. ఈ రంగు పక్కా దళారి.

నైలాన్‌లో మెరుపు తగ్గించడానికి కలిపే టైటానియం డయాక్సైడు కూడా ఇట్లాగే ఎండలో పోగును బలహీనపరచగలదు. అందుకే మాంగనీసు లవణాలు కొద్దిగా కలిపి ఆ దెబ్బ తగ్గిస్తారు.

అందుకని "తాను చీకింది, నేత సరిగా లేదు, నూలు సరిగా పట్టలేదు" అన్నప్పుడు ముందు ఒక ప్రశ్న అడగండి. చీకిన చోటు వెలుతురు తగిలిన చోటా, కాదా? మడత లోపల గట్టిగా ఉండి, పైన చీకితే అది సాంచా తప్పు కాదు. సాంచా మడతలు చూసి నేయదు కదా.

తెలుపు సంగతి

వెలుతురు చెడ్డదని మేము చెప్పడం లేదు. మన పెద్దలు "చలువ బట్టలు" అనేవారు గుర్తుందా? తడిగుడ్డను ఏటి ఒడ్డున ఎండలో పరచి, ఆరకముందే నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి తెల్లబరిచేవారు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి ఎండకు తెల్లబరచడం పాత పద్ధతి. ఎండ, నీరు, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిస్తే గుడ్డలోని మురికి రంగు విరుగుతుంది. మితంగా చేస్తే తెలుపు వస్తుంది, మితిమీరితే పోగు చీకుతుంది. ఆ మితం తెలిసినదే వారి నేర్పు.

ఇప్పుడు మనం హైపోక్లోరైటు లిక్కరుతోనో, పెరాక్సైడుతోనో తెల్లబరుస్తున్నాము. హైపోక్లోరైటు వెలుతురు తగిలితే విరిగి బలం పోగొట్టుకుంటుంది, ఎండ వేడి ఆ పనిని ఇంకా తొందరచేస్తుంది. పలచని తెల్ల డబ్బాల్లో లిక్కరు తెచ్చి ఆవరణలో ఎండలో వారాల తరబడి పెట్టి, తరువాత అదే కొలత పోయమంటే తెలుపు ఎట్లా వస్తుంది? కొలత సరిపోయింది, లిక్కరులో దమ్ము పోయింది. డబ్బాలు నీడలో, చల్లని చోట, వెలుతురు దూరని డబ్బాల్లో పెట్టించే బాధ్యత యాజమాన్యానిది. పెరాక్సైడు డబ్బా మూత గాలి పోయే రకమై ఉండాలి. గట్టిగా బిగిస్తే లోపల ఆక్సిజన్ నిండి పగలగలదు.

స్క్రీన్ గదిలో మన చేతులు

ఇది ప్రింటింగు పనివాళ్ళకు, ముఖ్యంగా సూరత్‌లో, భీవండీలో ఉన్న మన తమ్ముళ్ళకు. దయచేసి శ్రద్ధగా వినండి.

స్క్రీన్ తయారీలో జిగురులో నారింజ రంగు బైక్రోమేట్ కలిపి జాలీకి పూస్తారు. దాని మీద ఫిలిం పెట్టి వెలుతురు పోస్తారు. వెలుతురు తగిలిన చోట జిగురు గట్టిపడుతుంది, తగలని చోట నీళ్ళతో కడిగితే పోతుంది. ఆ ఖాళీలోంచే రంగు దిగి పువ్వు పడుతుంది. బైక్రోమేట్‌కు వెలుతురు తగిలితే మార్పు వస్తుందని 1839లో మంగో పాంటన్ కనిపెట్టాడు. ఆ గదిలో పసుపు బల్బు ఎందుకు పెడతారో ఇప్పుడు మీరే చెప్పగలరు. బైక్రోమేట్ నీలాన్నీ అతినీలలోహితాన్నీ మింగుతుంది, పసుపును మింగదు. మింగని వెలుతురు పని చేయదు.

లోపల జరిగేది ఏమిటంటే, ఆరు విలువ ఉన్న క్రోమియం మూడు విలువకు దిగుతుంది. దిగిన క్రోమియం జిగురు గొలుసులను ఒకదానికొకటి ముడి వేస్తుంది. తోలు పదును చేసే క్రోము పని కూడా ఇట్లాంటిదే. మన చర్మం కూడా తోలే కదా. వట్టి చేతులతో ముట్టుకుంటే ఆరు విలువ క్రోమియం చర్మంలోకి దూరుతుంది. అక్కడ వెలుతురు లేకపోయినా మూడు విలువకు దిగి, చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటుంది. దురద, పొక్కులు, పగుళ్ళు మొదలవుతాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే సాధారణంగా జీవితమంతా ఉంటుంది. గీసుకున్న చోట పడితే గుండ్రని లోతు పుండు అవుతుంది. దానికి తరచు నొప్పి ఉండదు, అందుకే మనవాళ్ళు పట్టించుకోరు. పొడి పీలిస్తే ముక్కు మధ్య గోడకు చిల్లి పడవచ్చు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం కూడా ఉంది.

క్రోము పుండును 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో చేర్చింది. అంటే ఇది మన ఖర్మ కాదు, పని వల్ల వచ్చే జబ్బు అని చట్టమే ఒప్పుకున్నది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏ పని చేస్తారో, ఏ మందు ముట్టుకుంటారో తప్పక చెప్పండి, చీటీ మీద రాయించుకోండి. క్రోమియం లేని డయాజో రకం ఎమల్షన్లు బజారులో ఉన్నాయి. అవి వాడమని అడగడం మన హక్కు.

వెలుతురు పోసే దీపం సంగతి కూడా. అతినీలలోహిత దీపాన్ని నేరుగా చూస్తే అప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది, వెల్డింగు పనివాళ్ళకు వచ్చేదే ఇది. దీపానికి మూత ఉండాలి, మూత తీస్తే ఆరిపోయే ఏర్పాటు ఉండాలి.

కళ్ళు తెరిచి చూసిన ఒక నర్సు

ఇంత చదువు మనకెక్కడిది అనుకునేవారికి ఒక మాట. ఇంగ్లండులో రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1956లో ఒక నర్సు, కామెర్లున్న పసిబిడ్డలను ఎండపొడకు తిప్పేది. ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, గుడ్డ కప్పి ఉన్న చోట పసుపు అట్లాగే ఉండటం ఆమె గమనించింది. డాక్టర్లకు చూపించింది. వాళ్ళు పరిశోధించి 1958లో ప్రకటించారు. పసుపుకు కారణమైన బిలిరుబిన్ నీలి వెలుతురును మింగి, శరీరం బయటికి పంపగలిగే రూపానికి మారుతుంది. ఇవాళ మన బిడ్డలకు కామెర్లు వస్తే ఆసుపత్రిలో నీలి దీపాల కింద పడుకోబెట్టేది అందుకే. (అట్లాగని ఇంట్లో పసిబిడ్డను ఎండలో పెట్టి వైద్యం చేయకండి, డాక్టరుకు చూపించండి.) ఆ నర్సు చేసింది ఏమిటి? మూసిన చోటుకూ తెరిచిన చోటుకూ తేడా చూసింది. మనమూ చేయవలసింది అంతే.

కోత పెట్టినప్పుడు ఏమి చేశాము

మన ఊళ్ళోనే ఒక కార్ఖానా, పేరెందుకు. వ్యాపారి గులాబీ టవళ్ళు వెనక్కి పంపాడు, రంగు వెలిసిందన్నాడు. రంగుఖానాలో నలుగురికి పగారులో కోత పెట్టారు. మేము వెళ్ళి గట్టు విప్పించి చూశాము. మడత అంచు పాలిపోయి ఉంది, మడత లోపల నిండుగా ఉంది. దొంతరలో పైవి ఎక్కువ వెలిశాయి, కిందివి బాగున్నాయి. కిటికీ వైపు ఉన్న అంచు ఒకలా, గోడ వైపు అంచు ఇంకోలా. తొట్టిలో తప్పు జరిగి ఉంటే మడతను బట్టి తప్పు జరుగుతుందా? తొట్టిలో టవలుకు మడతే లేదు.

లోపలి గుడ్డ ఒక ముక్క తీసి, సగం నల్ల అట్టతో మూసి మిద్దె మీద పెట్టాము. వారం తరువాత అట్ట తీస్తే తెరిచిన సగం అట్లాగే పాలిపోయింది. మాలకు ఎదుటే చూపించాము. కోసిన డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ రంగు మార్చమంటే మాత్రం "ఖర్చు" అన్నారు. ఆ పోరాటం ఇంకా ఉంది.

ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. రంగు పోవడమంతా వెలుతురు పని కాదు. సబ్బునీళ్ళ కడుగుడు సరిగా చేయకపోతే, పట్టని రంగు నూలులో మిగిలి ఉతుకులో పోతుంది, పక్క బట్టకు అంటుతుంది. అది మన పనిలో లోపమే. ఆ కడుగుడుకు సరిపడా వేడినీళ్ళు, సమయం ఇవ్వకపోతే మాత్రం యాజమాన్యం లోపం. ఉతుకులో పోయిందా, వెలుతురులో పోయిందా అని ముందు తేల్చాలి. మన పని మనం శుభ్రంగా చేస్తేనే మన మాటకు బలం.

చట్టం ఏమంటుంది? 1936 వేతన చెల్లింపుల చట్టంలో ఉన్న రక్షణ 2019 వేతనాల కోడులోనూ ఉంది. మనకు అప్పగించిన సరుకు మన నిర్లక్ష్యం వల్లనే పాడైతే తప్ప నష్టం పేరుతో కోయకూడదు. కోతకు ముందు కార్మికుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. నష్టానికి మించి కోయకూడదు. కోత రిజిస్టరులో రాయాలి. నోటి మాటతో కోసేది చట్టం ఒప్పుకున్న కోత కాదు.

ఇక చేయవలసినవి

1. ప్రతి బ్యాచ్ నుంచి రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఒకటి తీసి, తేదీ, రంగు పేరు, బ్యాచ్ నంబరు రాసి చీకటి పెట్టెలో దాచండి. సూపర్‌వైజరు సంతకం పెట్టించండి.

2. ఇంకో ముక్కను సగం మూసి ఎండకు పెట్టండి. పక్కన పాత బ్యాచ్ ముక్క కూడా పెట్టండి, పోల్చడానికి.

3. సరుకు వెనక్కి వస్తే కోత మాట కంటే ముందు గట్టు విప్పి యూనియన్ ఎదుట చూపించమనండి. మడత, దొంతర, కిటికీ ఈ మూడూ చూడండి.

4. గోదాము కిటికీలకు తెర, దొంతర మీద కప్పు అడగండి. తెర ఖరీదు ఎంత, మన వారం పగారు ఎంత?

5. స్క్రీన్ గదిలో చేతి తొడుగులు, ముక్కుగుడ్డ, దీపానికి మూత లేకుండా పని మొదలు పెట్టకండి. చేతి మీద మానని పుండు ఉంటే దాచుకోకండి, ఆఫీసుకు వచ్చి రాయించండి.

తీర్మానం రూపంలో ఈ ఐదింటినీ వచ్చే జనరల్ బాడీ ముందు పెడుతున్నాము. అప్పటిలోగా ప్రతి రంగుఖానా నుంచి ఒక ముక్క, సగం మూసి సగం తెరిచినది, ఆఫీసుకు తీసుకురండి. గోడకు వరుసగా అంటిద్దాము. మాటకు మాట చెప్పేవారు ఉంటారు గానీ, ఆ ముక్కలకు ఎదురు చెప్పేవారు ఉండరు.

సెలవు.